ఎరువేస్తే సరా? నేలకు ఊపిరాడాలి!

వజ్రపుకొత్తూరు: కాశీబుగ్గ నుంచి వజ్రపుకొత్తూరు మీదుగా సముద్రం ఒడ్డుకు వెళ్లే బస్సులో ఓసారి కిటికీ పక్కన కూర్చుని చూడండి. పట్టుమని 20 కిలోమీటర్లయినా లేని ఆ దారిలో నేల మూడు రకాలుగా మారుతుంది. ఎర్రగరువు మీద జీడితోటలు. పల్లంలో వరి. ఒడ్డు దగ్గర పడేసరికి కొబ్బరి నీడన ఇసుక. మూడు చోట్లా రైతు నోట వినిపించే మాట మాత్రం ఇంచుమించు ఒకటే. "ఎన్ని బస్తాలు ఏసినా ఇసక తాగేస్తంది బాబూ" అంటాడు కొబ్బరి రైతు. "వాన ఎలిసిందంటే నేల అట్ట కట్టేస్తంది, మొలక పైకి రాదు" అంటాడు గరువు రైతు. "మినుముకి వేరు దిగట్లేదు" అంటాడు పల్లం రైతు.

ముగ్గురూ ఎరువు గురించి మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది. కానీ ముగ్గురి బాధా ఎరువు కాదు, నేల కట్టు. మట్టిలో ఏముంది అన్నది ఒక లెక్క. ఆ మట్టి ఎలా అమరి ఉంది, నీరు ఎంత దిగుతోంది, ఎంత నిలుస్తోంది, గాలి ఆడుతోందా, వేరు దారి చేసుకోగలుగుతోందా అన్నది వేరే లెక్క. మొదటి లెక్క మనకు అలవాటే. రెండో లెక్క అడిగేవారు తక్కువ.

మీ ఇంట్లో భూసార పరీక్ష కార్డు ఉంటే తీసి చూడండి. 2015 ఫిబ్రవరిలో దేశమంతటికీ ప్రారంభించిన ఈ పథకం కార్డులో 12 గడులు ఉంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణాల పరిమాణం, సేంద్రియ కర్బనం. ఈ పన్నెండూ కావలసినవే. అయితే నేల బిగుసుకుందా, గుల్లగా ఉందా అని చెప్పే గడి ఇందులో లేదు. ఆ పరీక్ష రైతే చేసుకోవాలి. దానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఓ గునపం, ఓ రేకు డబ్బా, ఓ గాజు గ్లాసు చాలు. ఎలా చేయాలో కింద చెబుతాం. ముందు జబ్బు సంగతి తెలుసుకుందాం.

నేలలో సగం ఖాళీయే!

మంచి నేలను ఓ లీటరు డబ్బాకు కొలిచి ఎండబెట్టి తూస్తే సుమారు 1.3 కిలోలు తూగుతుంది. మట్టి రేణువులే సందు లేకుండా ఉంటే అదే డబ్బా 2.65 కిలోలు తూగాలి. అంటే మంచి నేలలో సగం మట్టి, మిగతా సగం ఖాళీ. ఆ ఖాళీలో పెద్ద సందుల్లోంచి నీరు కిందికి దిగుతుంది, గాలి లోపలికి వెళుతుంది. చిన్న సందుల్లో నీరు నిలిచి వేరుకు అందుతుంది. ఈ రెండు రకాల సందులూ సమపాళ్లలో ఉంటేనే నేల నేలలా ఉంటుంది.

లీటరు మట్టి బరువు పెరిగిందంటే ఖాళీ తగ్గిందన్నమాట. 1.6 కిలోలకు వస్తే ఖాళీ 40 శాతమే. ఇసుక నేలల్లో 1.6 దాకా ఇబ్బంది లేదు, 1.8 దాటితే వేరు ఆగిపోతుంది. బంకమట్టి నేలల్లో ఆ హద్దు ఇంకా ముందే వస్తుంది. 1.45, 1.5 దగ్గరే వేరు వంకర తిరుగుతుంది.

మన్ను రేణువులను ఒకదానితో ఒకటి కలిపి గుళికలుగా కట్టి ఉంచేది సేంద్రియ పదార్థం. ఆకు, అలము, పెంటగత్తం కుళ్లగా వచ్చే జిగురు, వానపాముల విసర్జన, సన్నని వేర్లు, బూజు దారాలు కలిసి ఈ పని చేస్తాయి. చలి దేశాల్లో ఈ పదార్థం నేలలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. మన ఎండకు, మన తేమకు అది చప్పున కరిగిపోతుంది. పైగా మన వాన సన్నగా కురిసే రకం కాదు. ఒక్క పూటలో దంచి కొడుతుంది. వట్టి నేల మీద పడిన ప్రతి చినుకూ ఓ సుత్తి దెబ్బే. అందుకే ఉష్ణమండల నేలలకు కప్పు, కూడు రెండూ ఏటా ఇస్తూనే ఉండాలి. ఓ ఏడాది వేశాం, చాలు అనుకోవడానికి లేదు.

ఇదివరకు ఇంటింటా పశువులుండేవి. చోడి చేలోకి, వరి మళ్లలోకి గత్తం బళ్లు వెళ్లేవి. ట్రాక్టరు వచ్చాక ఎడ్లు తగ్గాయి, ఎడ్లతో పాటే గత్తమూ తగ్గింది. దుక్కి మాత్రం పెరిగింది. నేలకు రాబడి తగ్గి ఖర్చు పెరిగితే ఏమవుతుంది? ఇంటికి ఏమవుతుందో అదే!

ఇసుక నేల: అడుగు లేని కుండ

ఉద్దానం తీరం పొడవునా ఉన్న ఇసుక నేలలకు బిగుసుకుపోయే జబ్బు తక్కువ. వీటి జబ్బు నీరు నిలవకపోవడం. మీటరు లోతు ఇసుక నేల మొక్కకు అందేలా పట్టి ఉంచగలిగేది సుమారు 60 నుంచి 80 మిల్లీమీటర్ల నీరు. ఒండ్రు, బంక కలిసిన నేల అయితే 150 నుంచి 200 మిల్లీమీటర్లు ఉంచుతుంది. తోట రోజుకు 4, 5 మిల్లీమీటర్లు వాడుకుంటుందనుకుంటే ఇసుక నేలలోని నిల్వ రెండు వారాలకు చెల్లు. మన జిల్లాలో సగటున ఏడాదికి 1,100 మిల్లీమీటర్లకు పైగానే వాన పడుతుంది. అయినా మార్చి వచ్చేసరికి కొబ్బరి మట్టలు వాలిపోయేది ఇందుకే.

నీరు ఒంటరిగా దిగిపోదు. మీరు వేసిన యూరియానూ, పొటాష్‌నూ వెంట తీసుకుపోతుంది. ఒకే దఫాలో ఎరువంతా వేసిన మర్నాడు భారీ వాన పడితే ఆ డబ్బులో కొంత వేరు దాటి బావి నీటిలో కలిసినట్టే. ఉద్దానంలో నీళ్ల మాట వస్తే అందరం ఉలిక్కిపడతాం. కిడ్నీ జబ్బుకు కారణం ఫలానా అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు, ఆ ముడి ఇక్కడ వేయడం లేదు. కానీ తాగే బావిలోకి ఎరువు దింపుకోవడం ఏ లెక్కన చూసినా మంచి పని కాదు.

ఏం చేయాలి?

మొదటిది, డొక్కలు పాతడం. కాసరగోడులోని కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ చాలాకాలంగా చెబుతున్న పద్ధతి ఇది. కొబ్బరి చెట్టుకు 2 మీటర్ల దూరంలో చుట్టూ గాని, రెండు వరసల మధ్య చెట్లకు 3 మీటర్ల దూరంలో నిలువుగా గాని, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు గోయి తీయాలి. అందులో పీచుడొక్కలను వెల్లకిలా, అంటే కడుపు పైకి ఉండేలా పొరలుగా పేర్చి మట్టి కప్పాలి. బోర్లా పేరిస్తే నీరు జారిపోతుంది. వానాకాలంలో తాగిన నీటిని డొక్క వేసవిలో వేరుకు అందిస్తుంది. ఒకసారి పాతితే 5 నుంచి 7 ఏళ్లు పనిచేస్తుంది. డొక్కలన్నీ పీచు మిల్లుకు అమ్మేస్తున్నాం కదా అనవచ్చు. తోట మొత్తానికి ఒకేసారి అక్కర్లేదు. ఏటా ఓ పది చెట్లకు పాతుకుంటూ రండి.

రెండోది, చెరువు మట్టి. వేసవిలో పూడిక తీసిన మట్టి ఇసుక నేలకు మందులాంటిది. ఎంత వేయాలో చిన్న లెక్క చూద్దాం. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల ఇసుక బరువు దాదాపు 970 టన్నులు. అందులో బంకమట్టిని 2 శాతం పెంచాలంటే 19 టన్నుల బంక కావాలి. చెరువు మట్టిలో బంక 40 శాతం ఉందనుకుంటే 48 టన్నుల మట్టి తోలాలి. ఇది చిన్న రైతుకు బరువే. అదే చెట్టు పాదుకు మాత్రమే, 2 మీటర్ల వ్యాసార్ధంలో వేస్తే చెట్టుకు 150 కిలోలు, అంటే పది పన్నెండు తట్టలు సరిపోతుంది. ఎకరానికి 70 చెట్లకు కలిపి పదిన్నర టన్నులు. కొబ్బరి వేళ్లలో ఎక్కువ భాగం మొదలు చుట్టూ 2 మీటర్ల లోపే ఉంటాయి కనుక ఇది దండగ కాదు. ఒక్క జాగ్రత్త. ఉప్పుటేరు పక్కన, ఉప్పుమళ్ల పక్కన తీసిన మట్టి వద్దు. ముందు లవణాల పరీక్ష చేయించాకే బండి కట్టండి.

మూడోది, పాదులో పచ్చిరొట్ట. తొలకరికి పాదులో గుప్పెడు అలసంద గాని, జనుము గాని, పిల్లిపెసర గాని చల్లి, పూతకు రాగానే అక్కడే తిరగ వేయాలి. ఆపైన ఎండు కొబ్బరాకులు జానెడు మందాన పరచాలి.

నాలుగోది, ఎరువును విడగొట్టి వేయడం. ఇసుక నేలలో ఒకటి రెండు పెద్ద దఫాల కన్నా నాలుగైదు చిన్న దఫాలు మేలు. మొక్కకు అందేది పెరుగుతుంది, కిందికి పోయేది తగ్గుతుంది.

పీచు మిల్లుల దగ్గర గుట్టలుగా పడి ఉండే కొబ్బరి పొట్టు తన బరువుకు 5 నుంచి 8 రెట్ల నీరు పట్టుకుంటుంది. అలాగని పచ్చిపొట్టును నేరుగా వేయకూడదు. అందులో నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం వంద పాళ్లకు పైగా ఉంటుంది. అది కుళ్లే ప్రయత్నంలో నేలలోని నత్రజనిని లాగేసుకుని మొక్కను పస్తు పెడుతుంది. టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, పుట్టగొడుగు జాతి శిలీంధ్రపు విత్తనం 5 సీసాలు పొరల మధ్య వేసి, తడి ఆరకుండా చూస్తే రెండు నెలల్లో నల్లటి కంపోస్టు అవుతుంది. అప్పుడు వేయండి.

ఇసుకలో వేరుశనగ, ఉలవ లాంటి పైర్లు వేసేవారికి ఇంకో మాట. ఏ నేలనైనా తొక్కవద్దంటాం, కానీ మరీ వదులుగా ఉన్న ఇసుకను మాత్రం తొక్కాలి. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు ప్రకారం, మంచి పదును మీద 400 కిలోల రోలరును ఎనిమిది పదిసార్లు నడిపి, పైపైన దున్ని విత్తుకుంటే నీరు అంత త్వరగా జారిపోదు. తారు డబ్బాలో ఇసుకో రాళ్లో నింపి దొర్లించినా సరే. ఇది ఏటా వేసే పైర్లకే. తోట పాదుల జోలికి పోవద్దు.

ఎర్రగరువు: వాన వెలిస్తే అట్ట

జీడి, మామిడి, చోడి, నువ్వు, గోగు పండే ఎర్రనేలల తీరు వేరు. వీటిలో గుళిక గట్టిగా ఉండదు. చినుకు దెబ్బకు చితికి, సన్నటి మన్ను సందుల్లోకి దిగి, ఎండ తగలగానే పెంకులా అట్ట కడుతుంది. ఆ తర్వాత పడిన వాన లోపలికి దిగదు, గెడ్డ దారి పడుతుంది. చోడి, నువ్వు, గోగు లాంటి చిన్న గింజలు ఆ అట్టను చీల్చుకుని రాలేవు. రైతు విత్తనం మంచిది కాదనుకుని మళ్లీ విత్తుతాడు.

దీనికి మందు ఎక్కువసార్లు దున్నడమే అనుకుంటాం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఎర్రనేలల్లో చేసిన ప్రయోగాలు మరో సంగతి చెప్పాయి. దున్నడం వల్ల వచ్చిన గుల్లదనం కొద్దిపాటి వానకే పోతోంది. గడ్డి కప్పిన చోట మాత్రం నీరు దిగుతూనే ఉంది. అంటే నాగలి ఇచ్చే మేలు వారాల పాటే, కప్పు ఇచ్చే మేలు కాలమంతా.

రోటావేటరు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒక్క చాలుకే మన్ను పిండిలా అయ్యి కంటికి ఇంపుగా కనిపిస్తుంది. ఆ పిండే తొలి వానకు అట్ట అవుతుంది. పైగా దాని కత్తులు ఏటా ఒకే లోతున తిరుగుతూ కింద పొరను నున్నగా పూసేస్తాయి. ఎర్రనేలలో రోటావేటరు వాడక తప్పకపోతే ఒక్కసారితో ఆపండి. దుక్కి వాలుకు అడ్డంగా చేయండి. పెళ్లలు కొన్ని మిగిలినా పర్వాలేదు, అవే నీటిని ఆపుతాయి. విత్తిన రెండు మూడు రోజుల్లో వాన పడి అట్ట కడితే మొలక చిట్లకుండా తేలికపాటి గుంటకతో పైపైన కదపండి. ఉన్న కాస్త గత్తాన్ని చేనంతా చల్లే కన్నా విత్తన సాళ్లలో వేస్తే ఎక్కువ మేలు.

జీడితోటలో మన అలవాటు ఒకటి మార్చుకోవాలి. పిక్క ఏరడానికి వీలుగా చెట్టు కింద ఆకంతా ఊడ్చి తగలబెడతాం. ఏడాది పొడవునా చెట్టు తన నేలకు తానే నేసుకున్న దుప్పటి అది. ఊడ్చండి, కానీ కాల్చకండి. చెట్టు కొమ్మల అంచు కింద, వాలుకు అడ్డంగా చిన్న గోయి తీసి ఆ ఆకు అందులో వేసి మట్టి కప్పండి. జీడి ఆకు నిదానంగా కుళ్లుతుంది కనుక కాస్త పేడనీళ్లు చల్లండి. వృథాగా రాలిపోయే జీడిపండ్లూ అందులోకే వేయవచ్చు. చెదల బెడద ఉన్న చోట మొదలుకు ఆనించకుండా ఎడంగా ఉంచండి.

పల్లం: వరికి పీట, మినుముకు మూత

పల్లంలో కథ మారుతుంది. వరికి దమ్ము చేయడమంటే నేల కట్టును కావాలని చెడగొట్టడమే. గుళికలు విరిగి బురద అవుతాయి. కింద 15 నుంచి 25 సెంటీమీటర్ల మధ్య గట్టిపొర ఏర్పడుతుంది. నీరు ఇంకిపోకుండా ఆ పొర ఆపుతుంది కనుక వరికి అది మేలే. వంశధార ఎడమ కాలువ శివారున నీరు ఎప్పుడొస్తుందో తెలియని మన మండలం రైతుకు ఆ పొర మరీ అవసరం.

చిక్కు వరి కోశాక మొదలవుతుంది. అదే మడిలో మినుము, పెసర వేస్తాం. ఈ పైర్లకు కాలువ నీరుండదు. కిందనున్న తేమ మీదే బతకాలి. తల్లివేరు గట్టిపొర తాకి అక్కడే వంకర తిరుగుతుంది. పైతేమ ఆరిన వారానికి మొక్క వాడుతుంది. అడుగు కింద తేమ ఉన్నా అందదు. ఓ మొక్క పీకి చూడండి. వేరు కొడవలిలా వంగి ఉంటే ఎన్ని మందులు పిచికారీ చేసినా లాభం లేదు.

కోత యంత్రం వచ్చాక ఈ ఇబ్బంది పెరిగింది. టన్నుల బరువున్న యంత్రం తడి మడిలో తిరిగితే దాని జాడల కింద నేల రాయిలా మారుతుంది. కోతకు ముందు చల్లిన మినుము గింజ కూడా ఆ జాడల్లో నలిగిపోతుంది.

గట్టిపొరను పూర్తిగా పగలగొట్టమని చెప్పడం లేదు. అలా చేస్తే వచ్చే ఖరీఫ్‌లో వరి మడి నీరు తాగేస్తుంది. పొర ఇంకా పైకి, ఇంకా గట్టిగా రాకుండా చూసుకోవాలి. ఇనుప దమ్ముచక్రాలతో నాలుగైదుసార్లు తిప్పే చోట రెండుసార్లతో సరిపెట్టండి. జీలుగ గాని జనుము గాని వేసి కలియదున్నిన మడికి దమ్ము తక్కువ చాలు. ఎకరానికి 12 నుంచి 15 కిలోల విత్తనం చల్లి, 45 రోజులకు పూత దశలో కలియదున్నాలి. నీరు నిలిచే చోట, కాస్త చౌడు ఉన్న చోట జీలుగ. నీరు నిలవని చోట జనుము. మన జిల్లాకు కొత్త కాని ఎద వరి పద్ధతిలో దమ్మే ఉండదు. కలుపును అదుపు చేసుకోగలిగితే వరి వెనక అపరాలు వేసే మడికి ఇది మంచి దారి. కోతకు వారం పది రోజుల ముందే నీరు తీసేసి, మడి ఆరాకే యంత్రాన్ని దింపండి. ఒకే జాడలో రాకపోకలు సాగేలా చూడండి.

వరి మానేసి తోటకో మెట్ట పైరుకో మార్చుతున్న మడి అయితే సంగతి వేరు. అక్కడ పొరను విరగొట్టాల్సిందే. నేల పొడిగా ఉన్న వేసవిలో ఉలి నాగలితో అర మీటరు ఎడంగా, 45 సెంటీమీటర్ల లోతున, నిలువూ అడ్డమూ చీల్చాలి. ఎకరానికి 5 టన్నుల గత్తం గాని కుళ్లిన కొబ్బరి పొట్టు గాని వేయాలి. రెండు మూడేళ్లకోసారి చాలు. తడిలో చీలిస్తే పొర పగలదు, సాగుతుంది.

తిత్లీ నేర్పిన పాఠం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. కొబ్బరి, జీడి చెట్లు కూకటి వేళ్లతో పడిపోయాయి. ఆ నష్టం లెక్క కొంతవరకైనా కాగితాల మీద ఉంది. కాగితం మీదకు రాని నష్టం ఇంకోటి ఉంది. వేళ్లతో లేచిన చోట అడుగు మట్టి పైకొచ్చింది, సారమున్న పైమట్టి గోతిలో పడింది. పడిన మానుల్ని తీయడానికి తడి నేల మీద భారీ యంత్రాలు తిరిగాయి. కొమ్మా రెమ్మా చాలాచోట్ల కాలి బూడిదైంది.

దీనికి సరిపోయే అనుభవం ఆఫ్రికాలో ఉంది. నైజీరియాలోని ఇబాడాన్‌లో ఉన్న అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థలో 1970 దశకంలో మన దేశపు నేలల శాస్త్రవేత్త రతన్ లాల్ ప్రయోగాలు చేశారు. అడవిని కత్తులతో కొట్టి శుభ్రం చేసిన నేల, బుల్డోజరుతో పెకలించిన నేల రెండింటినీ పోల్చి చూశారు. యంత్రం తిరిగిన చోట నేల బిగుసుకుని, వాననీరు దిగక, మన్ను ఎన్నో రెట్లు కొట్టుకుపోయింది. పంట చెత్తను నేల మీదే ఉంచినచోట కోత బాగా తగ్గింది. నేలల మీద జీవితకాలం చేసిన కృషికి ఆయనకు 2020లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది.

తిత్లీ తర్వాత నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడు కాపుకు వచ్చే వయసులో ఉన్నాయి. ఒకే తోటలో కొన్ని మొక్కలు ఏపుగా, కొన్ని గిడసబారి ఉంటే ఎరువు మార్చే ముందు వాటి పక్కన గునపం దింపి చూడండి. యంత్రం నడిచిన జాడ తగలవచ్చు. అలాంటి చోట పాదుకు బయట గోయి తీసి డొక్కలూ ఆకూ నింపండి. కుళ్లిన మానుల్ని మాత్రం తోటలో వదలవద్దు. కొమ్ముపురుగు గుడ్లు పెట్టేది వాటిలోనే.

ఇంటి దగ్గరే నాలుగు పరీక్షలు

1. గునపం పరీక్ష: వాన పడిన రెండో రోజో మూడో రోజో సన్నటి ఇనుప ఊచను నిలువుగా నొక్కండి. ఎంత లోతున ఆగిపోతోందో గుర్తు పెట్టండి. చేనులో పది చోట్ల చూడండి. అన్నిచోట్లా ఒకే లోతున ఆగితే అక్కడ గట్టిపొర ఉన్నట్టే.

2. డబ్బా తూకం: రెండు వైపులా తెరిచిన రేకు డబ్బాను నేలలో పూర్తిగా దించి, మట్టితో సహా తవ్వి తీసి, అంచులు సమానంగా కోయండి. మట్టిని బాగా ఎండబెట్టి తూయండి. డబ్బాకు ఎంత నీరు పడుతుందో మిల్లీలీటర్లలో కొలవండి. గ్రాముల్ని మిల్లీలీటర్లతో భాగిస్తే పైన చెప్పిన 1.3, 1.6 అంకెలు మీకే వస్తాయి.

3. నీళ్ల పరీక్ష: అదే డబ్బాను రెండంగుళాలు నేలలో దించి, ముందు ఓసారి తడిపి, ఆ నీరు ఇంకాక అంగుళం ఎత్తున నీరు పోసి గడియారం చూడండి. ఇసుకలో నిమిషాల్లో పోతుంది, దమ్ము చేసిన మడిలో గంటలు పడుతుంది. మీ చేనులోనే కంచె వార, ఎన్నడూ దున్నని చోట కూడా చేసి పోల్చండి. ఆ తేడాయే మీ సేద్యం చేసిన మార్పు.

4. గ్లాసు పరీక్ష: ఇది ఎర్రనేలకు, పల్లానికి. ఎండిన చిన్న మట్టిబెడ్డను గాజు గ్లాసులోని నీటిలో వదలండి. వేసీ వేయగానే విడిపోతే ఆ నేల అట్ట కడుతుంది. నిలబడితే దాని కట్టు బాగున్నట్టు.

వీటితో పాటు కార్డులో సేంద్రియ కర్బనం గడి చూడండి. 0.5 శాతం కన్నా తక్కువ ఉంటే పై నాలుగు పరీక్షలు ఎలా వస్తాయో చేయకముందే ఊహించవచ్చు.

పదును తెలిసి నాగలి

అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు అన్నారు పెద్దలు. దుక్కికి పదును చూడటం పాత రైతుకు చేతిలో విద్య. గుప్పెడు మట్టి తీసి ఉండ చేసి నడుమెత్తు నుంచి వదలండి. ముద్దగా నేలకు అతుక్కుంటే తడి ఎక్కువ, ట్రాక్టరు దింపవద్దు. ఉండే కట్టకపోతే పొడి. ఉండ కట్టి, పడగానే పొడిపొడిగా విడిపోతే అదే పదును. అద్దె ట్రాక్టరు ఇవాళ దొరికింది, రేపు దొరకదు అన్న తొందరలో తడి నేల దున్నితే ఆ ఒక్క పూట తప్పు రెండు మూడేళ్లు వెంటాడుతుంది. ఊళ్లో నలుగురు రైతులు కలిసి ట్రాక్టరు వంతు మాట్లాడుకుంటే ఈ తొందర తగ్గుతుంది.

ఏ నెలలో ఏం చేయాలి?

ఏప్రిల్, మే: చెరువు మట్టి పరీక్ష, తోలకం. అవసరమైన మడిలో ఉలి నాగలి దుక్కి. తొలకరికి ముందే పలురకాల విత్తనాలు కలిపి చల్లే నవధాన్యాల సాగు, వీలున్నచోట.

జూన్, జులై: పాదుల్లో అలసంద, జనుము. పల్లంలో జీలుగ.

ఆగస్టు, సెప్టెంబరు: పచ్చిరొట్ట తిరగ వేయడం. పాదుల్లో ఆకు కప్పు. ఎరువు చిన్న దఫాలుగా.

అక్టోబరు, నవంబరు: తుపాను రోజులు. మురుగు కాలువలు బాగుచేసుకోవాలి. తడి నేల మీద బళ్లు, యంత్రాలు నడపకూడదు. వానలు తగ్గుముఖం పట్టగానే, నేల తేమగా ఉండగానే డొక్కలు పాతాలి.

డిసెంబరు, జనవరి: ఆరిన మడిలోనే కోత యంత్రం. గడ్డి కాల్చకూడదు.

ఫిబ్రవరి, మార్చి: జీడి ఆకు ఊడ్చి గోతుల్లోకి. గునపం, డబ్బా పరీక్షలు.

ఆశ ఎంత పెట్టుకోవచ్చు?

వీటిలో ఏదీ ఒక్క కాలంలో అద్భుతం చేయదు. కప్పు వేసిన ఫలితం తొలి ఏడాదే కనిపిస్తుంది. పాదు తేమ ఆరడం ఆలస్యమవుతుంది. చెరువు మట్టి, డొక్కల ఫలితం రెండో వేసవికి తెలుస్తుంది. నేల కట్టు తిరిగి రావడానికి నాలుగైదేళ్లు పట్టవచ్చు. అందుకని ఉన్నదంతా ఒకేసారి మార్చవద్దు. ఈ ఏడాది పది చెట్లు, లేదా పావు ఎకరం మడి తీసుకోండి. పక్కనే పాత పద్ధతిలో అంతే భాగం వదలండి. రెండు చోట్లా నీళ్ల పరీక్ష చేసి ఓ నోటు పుస్తకంలో తేదీతో రాసుకోండి. వచ్చే మార్చిలో మళ్లీ చేయండి.

ఆ పుస్తకం పట్టుకుని మీ రైతు సేవా కేంద్రానికి వెళ్లండి. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం వారినో, నైర వ్యవసాయ కళాశాల వారినో కలిసినప్పుడు చూపించండి. "ఏ ఎరువు వేయమంటారు?" అని కాకుండా "నా నేల 20 సెంటీమీటర్ల దగ్గర బిగుసుకుంది, ఏం చేయమంటారు?" అని అడగండి. ప్రశ్న సరిగా ఉంటే జవాబు కూడా మీ నేలకు సరిపోయేదే వస్తుంది. ముందుగా వచ్చే వాన వెలిసిన రెండో రోజు, ఊచ తీసుకుని మీ చేను గట్టు దిగండి.